పాస్ వసూలు చేయడానికి విమ్కో నగర్ దాకా

మా మరిది ఎక్కడికి బయల్దేరినా ఆయన కంటే ముందు ఆయన ఎక్సెల్ షీటు బయల్దేరుతుంది. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి వాళ్లు మూడు రోజులకి చెన్నై వచ్చారు. పెద్దమ్మ, పెదనాన్న, చెల్లి, మరిది, తొమ్మిదేళ్ల వాళ్ల బాబు. మేం వేళచ్చేరిలో ఉంటాం. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో మా బంధువులందరికీ జీతం లేని గైడ్‌ని నేనే. వచ్చిన రోజు కాఫీ తాగుతూనే మరిది షీటు తెరిచాడు. చూడాల్సిన చోటు, విడిగా టికెట్ ఎంత, పాస్ అయితే ఎంత, ఆదా ఎంత. ఆఖరి కాలమ్ అంతా ఆకుపచ్చగా మెరిసిపోతోంది.

"వదినా, మెట్రోలో ఒక రోజు కార్డు ఉందట. వంద రూపాయలకి రోజంతా ఎన్నిసార్లయినా తిరగొచ్చు. యాభై డిపాజిట్, అది మళ్లీ ఇచ్చేస్తారు."

అలా మొదటిరోజు ఐదు కార్డులు కొన్నాడు. ఐదు నూటయాభైలు 750. నాకు అక్కర్లేదన్నాను, నా ఫోన్‌లో క్యూఆర్ టికెట్ తీసుకుంటాను కాబట్టి.

మేం వేళచ్చేరి నుంచి గిండీకి ఆటోలో వెళ్లాం (మా పేటకి మెట్రో ఇంకా రాలేదు), గిండీ నుంచి మెట్రోలో ఎగ్మోర్. మ్యూజియం గేటు దగ్గరికి నడిచేసరికి పెద్దమ్మకి మోకాళ్లు పట్టేశాయి. గేటు మూసి ఉంది. ఆ రోజు శుక్రవారం. ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంకి శుక్రవారం సెలవు. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉండి కూడా ఆ ముక్క నాకు తట్టలేదు, తిట్టుకోవాలంటే నన్నే తిట్టుకోవాలి. సరే, కోటలో మ్యూజియం చూద్దాం అని మళ్లీ మెట్రో ఎక్కి హైకోర్టు స్టేషన్‌లో దిగాక గుర్తొచ్చింది, సెయింట్ జార్జ్ కోట మ్యూజియంకి కూడా శుక్రవారమే సెలవని. బాబు మాత్రం చాలా సంతోషించాడు.

అసలు కథ ఇక్కడ మొదలైంది. నేను బీచ్‌కి పోదాం అన్నాను. మరిది ఫోన్‌లో లెక్క చూసుకుని, "ఇప్పటికి తలకి అరవై కూడా వాడలేదు వదినా, కార్డు వసూలు కావాలి కదా" అన్నాడు. అందుకని బ్లూ లైన్‌లో ఆ చివర ఉన్న విమ్కో నగర్ దాకా వెళ్లాం. అక్కడ మాకు పని లేదు, తెలిసినవాళ్లు లేరు. ప్లాట్‌ఫాం మారి మళ్లీ వెనక్కి ఎక్కాం. పెదనాన్న దారిపొడవునా నిద్రపోయారు. ఇంటికి చేరేసరికి చీకటి పడింది, ఆ రోజుకి సముద్రం లేదు. షీటులో ఆకుపచ్చ గడి మాత్రం నిజమైంది.

పాసుల మీద నాకున్న కోపమంతా ఆ గంటన్నరదే. టికెట్ కొన్నవాడు వెళ్లాల్సిన చోటుకి వెళ్తాడు. పాస్ కొన్నవాడు పాస్ తీసుకెళ్లిన చోటుకి వెళ్తాడు. ముందే డబ్బు కట్టేశాం కాబట్టి అది తిరిగి రావాలనే ఆత్రం మనల్ని తిప్పుతుంది, మనం ఊరిని చూడం.

లెక్క కూడా వేసి చూపిస్తాను, ఊరికే తిట్టడం బాగోదు. చెన్నై మెట్రోలో 10 రూపాయల నుంచి 50 దాకా టికెట్లు. రెండు కిలోమీటర్ల లోపు 10, ఐదు లోపు 20, పన్నెండు లోపు 30, ఇరవై ఒకటి లోపు 40, ఆపైన 50. క్యూఆర్ టికెట్ అయితే ఇందులో 20 శాతం తగ్గింపు. అంటే 30 టికెట్ 24కి వస్తుంది. వంద రూపాయల కార్డు గిట్టాలంటే అలాంటి ప్రయాణాలు రోజుకి ఐదు చేయాలి, నాలుగైతే 96 దగ్గరే ఆగిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని, ఆకలేస్తే అలిగే పిల్లాడిని వెంటబెట్టుకుని రోజుకి ఐదుసార్లు మెట్రో ఎక్కి దిగేవాళ్లని నేనింతవరకు చూడలేదు. మా శుక్రవారం ప్రయాణాల్లో విమ్కో నగర్ ముచ్చట తీసేస్తే, రానూ పోనూ అన్నీ కలిపి ఎక్కువలో ఎక్కువ వేసుకున్నా తలకి వంద దాటదు. తగ్గింపుతో 80.

ఇంకో సంగతి. మొదటి దశ మెట్రో లైన్లు మెరీనా బీచ్ వైపు రావు. మైలాపూర్, ట్రిప్లికేన్, లైట్‌హౌస్, ఇవి కదా బయటూరి నుంచి వచ్చినవాళ్లు చూడాలనుకునేవి? మైలాపూర్ మీదుగా వేసే రెండో దశ పనులు అప్పటికి ఇంకా సాగుతూనే ఉన్నాయి. వీటన్నిటికీ సరిగ్గా పక్క నుంచి పోయే రైలు మరొకటుంది. వేళచ్చేరి నుంచి బీచ్ స్టేషన్‌కి నడిచే ఎంఆర్‌టీఎస్. 1995లో బీచ్ నుంచి చేపాక్ దాకా మొదలై, 1997లో మైలాపూర్‌కి, 2007లో మా వేళచ్చేరికి వచ్చింది. టికెట్ ఐదు రూపాయలు, లేకపోతే పది. అంతే. ఈ రైలుకి ఎవరూ ప్రచారం చేయరు. స్టేషన్లు పెద్దపెద్ద గోదాముల్లా ఉంటాయి, లిఫ్టు పనిచేస్తే అదృష్టం. కానీ తిరుమయిలై (అంటే మైలాపూర్) స్టేషన్‌లో దిగితే కపాలీశ్వరుడి గుడి, తిరువల్లికేణిలో (అంటే ట్రిప్లికేన్‌లో) దిగితే పార్థసారథి గుడి, రెండూ నడక దూరమే. పది రూపాయల టికెట్ మీద ఎవరు ఏ పాస్ అమ్మి ఏం ఆదా చేయిస్తారు?

రెండోరోజు శనివారం పగ్గాలు నేను తీసుకున్నాను. ఉదయం రైల్లో పార్క్ టౌన్ దాకా వెళ్లి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో లోకల్ ఎక్కితే తరవాతి స్టేషనే ఎగ్మోర్. మ్యూజియం ఆ రోజు తెరిచే ఉంది. పెద్దలకి 15 రూపాయలు.

ఆ పదిహేను రూపాయల గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఏమనుకోకండి. మా పెద్దమ్మ పుట్టిల్లు తుళ్లూరు దగ్గర. చిన్నప్పుడు అమరావతి తిరణాలకి బండి కట్టుకుని వెళ్లేవాళ్లట. అమరావతి స్తూపం శిల్పాల్లో పెద్ద భాగం ఈ ఎగ్మోర్ మ్యూజియంలోనే ఉందని ఆవిడకి తెలియదు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర అక్కడ తవ్వించి రాళ్లని మద్రాసుకి చేర్పించాడు. 1859లో వాటిలో కొన్ని ఓడెక్కి లండన్ పోయాయి, అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఓడెక్కకుండా మిగిలిన వాటిలో చాలా భాగం ఇక్కడుంది. తెల్లటి సున్నపురాయి మీద, మదమెక్కిన నలగిరి ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుకుంటూ రావడం, ఆ పక్కనే బుద్ధుడి ముందు అదే ఏనుగు మోకరిల్లడం, రెండూ ఒకే గుండ్రటి ఫలకంలో చెక్కారు. మేడ కిటికీల్లోంచి తొంగి చూసే ఆడవాళ్లు కూడా ఉన్నారందులో. పెద్దమ్మ అక్కడ బెంచీ మీద కూలబడింది. "మా ఊరి రాళ్లే ఇవి? ఇక్కడికెందుకు తెచ్చారే?" అని నన్ను అడిగింది, నేనే బండి కట్టి తోలుకొచ్చినట్టు. ముప్పావు గంట కదల్లేదు. మరిది రెండుసార్లు వాచీ చూసుకుని, ఆ తరవాత ఆయనా కూర్చున్నాడు. కంచు విగ్రహాల గ్యాలరీ కూడా అదే టికెట్‌లో ఉంది, తిరువాలంగాడు నటరాజుతో సహా. అది చూడ్డానికి మాకు ఇరవై నిమిషాలే మిగిలింది.

చేతిలో రోజంతా చెల్లే సైట్‌సీయింగ్ పాస్ ఉండుంటే పెద్దమ్మని ఆ బెంచీ మీద కూర్చోనిచ్చేవాళ్లమా?

మధ్యాహ్నం గుడులకి పోవాలని షీటులో ఉంది. గుడులు పన్నెండు, పన్నెండున్నరకి మూసేస్తే మళ్లీ నాలుగింటికే. ఇలాంటి విషయాలు పాస్ అమ్మేవాళ్లు చెప్పరు. మూసిన గుడి ముందు నుంచి ఎండలో ఆటోలో వెనక్కి రావడమే అసలు ఖర్చు. ఆటో అంటే గుర్తొచ్చింది. 2013లో ప్రభుత్వం మొదటి 1.8 కిలోమీటర్లకి 25 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 12 అని ఖాయం చేసింది. ఆ లెక్కతో మీటరు తిరగడం మీకెక్కడైనా కనిపిస్తే ఫొటో తీసి నాకు పంపండి. మా మూడు రోజుల ఖర్చుల్లో రైలు, బస్సు, మెట్రో, ప్రవేశ టికెట్లు అన్నీ కలిపినా ఆటోలకి పెట్టినదానిలో సగం లేవు. ఆ షీటులో ఆటోకి అసలు కాలమే లేదు!

నాలుగింటికి కపాలీశ్వరుడి దర్శనం అయ్యాక లస్ కూడలి దగ్గర బస్సెక్కాం. ఇక్కడ తెలుగు ఆడవాళ్లకి ఒక మాట. తమిళనాడులో 2021 మే నుంచి ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి మనకీ ఉంది కానీ, అక్కడ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి ఆ రాష్ట్రం మనిషినని రుజువు చేసుకోవాలి. అలవాటు కొద్దీ పెద్దమ్మ పర్సులోంచి ఆధార్ తీసి కండక్టర్ ముందు పెట్టింది. ఆయన "వేండామ్మా" (అక్కర్లేదమ్మా) అని నవ్వి, చేతిలో టికెట్ పెట్టి ముందుకి పోయాడు. ఏ రాష్ట్రం నుంచి వచ్చారని ఇక్కడ అడగరు. పెద్దమ్మకి ఆ రోజు జరిగిన వాటిలో అమరావతి రాళ్ల తరవాత ఇదే పెద్ద విశేషం. హైదరాబాద్ తిరిగెళ్లాక కూడా పక్కింటివాళ్లకి చెప్పిందట. చూసుకోవాల్సిందల్లా ఎక్కింది ఆర్డినరీ బస్సేనా అని. డీలక్స్, ఏసీ బస్సుల్లో అందరికీ టికెట్టే. ఈ సంగతి మేం ఆ సాయంత్రమే ఇంకో బస్సెక్కి, టికెట్ కొట్టించుకుని తెలుసుకున్నాం.

ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నప్పుడు తలకింత అని అమ్మే ఏ పాసైనా మొదట ఈ సున్నాతో పోటీపడాలి. మరిది షీటులో ప్రతి వరసా ఐదుతో గుణించి ఉంది. అందులో పెద్దమ్మ, చెల్లి బస్సు వరకు సున్నా. బాబు కూడా కొన్నిచోట్ల సున్నాయే. మహాబలిపురంలో పురావస్తు శాఖ టికెట్ కౌంటర్‌లో 40, ఆన్‌లైన్‌లో 35, పదిహేనేళ్ల లోపు పిల్లలకి అసలు లేదు. వాడికి కూడా షీటులో నలభై వేసేశాడు పాపం.

మహాబలిపురం టికెట్ గురించి మాత్రం చెడుగా చెప్పను. దాన్ని పాస్ అనరు గానీ అది పాసే. ఒకే టికెట్‌తో తీరాలయం, పంచరథాలు రెండూ చూడొచ్చు. ఒకచోట కొని ఇంకోచోట చూపించాలి, అందుకని సాయంత్రం దాకా పారేయకూడదు. (మేం పారేశామని అనుకుని చెత్తబుట్టలో వెతికాం. అది పెదనాన్న కళ్లజోడు పెట్టెలో ఉంది.) ఏటా ఏప్రిల్ 18న, నవంబరు 19న ఇలాంటి చోట్ల ప్రవేశం ఉచితంగా ఉంటుంది. ముప్పై అయిదు రూపాయల కోసం ఆ జనంలో పడి రథాల బదులు వీపులు చూసి రావడం నాకైతే నచ్చదు.

అంతకు రెండేళ్ల ముందు మా అత్తయ్య, మామయ్య ఒక ట్రావెల్స్ వాళ్ల ఒక్కరోజు సైట్‌సీయింగ్ వ్యాన్‌లో వెళ్లారు. "అన్నీ కలిపి" అన్నారు. మెరీనాలో ఇరవై నిమిషాలు ఆపారట, ఒక చీరల దుకాణం దగ్గర గంటకి పైగా. ప్రవేశ టికెట్లు ఎవరివి వాళ్లే కొనుక్కోవాలని మహాబలిపురం వెళ్లాక చెప్పారు. అత్తయ్య రెండు చీరలు కొంది కాబట్టి ఆవిడకి ఆ ట్రిప్పు మీద ఫిర్యాదేమీ లేదు.

ఊళ్లో పది, ఇరవైల దగ్గర ఇంత పట్టుదలగా ఉన్న మరిది ఊరికి వచ్చే రైలు దగ్గర ఏం చేశాడో చూడండి. సెలవు దొరుకుతుందో లేదోనని ఆఖరిదాకా ఆగి చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీ తత్కాల్ చేశాడు. థర్డ్ ఏసీలో తత్కాల్ అంటే మామూలు ఛార్జీ మీద తలకి అదనంగా కనీసం 300, ఎక్కువలో ఎక్కువ 400. ఐదుగురికి కనీసం 1500 ఎగిరిపోయింది. తత్కాల్‌లో ఒక టికెట్ మీద నలుగురికే ఇస్తారు కాబట్టి రెండు టికెట్లు. ఐఆర్‌సీటీసీ వసూలు చేసే కన్వీనియన్స్ ఫీజు టికెట్‌కింత అని పడుతుంది కాబట్టి అదీ రెండుసార్లు. ఏసీకి 30, స్లీపర్‌కి 15, పైన జీఎస్టీ. యూపీఐతో కడితే 20, 10. ఇవన్నీ తెలిసినవాడే. తెలిసినా, మెట్రో కార్డు దగ్గర దొరికే ఇరవై రూపాయల ఆనందం వేరు, రెండునెలల ముందు కూర్చుని బుక్ చేయడంలో ఆనందం ఏముంది?

2024 నవంబరు నుంచి రైల్వే రిజర్వేషన్ 120 రోజుల ముందు కాకుండా 60 రోజుల ముందు తెరుస్తోంది. నిజానికి ఇది మనలాంటి వాళ్లకి సులువు. నాలుగు నెలల ముందు ఎవరికీ సెలవుల సంగతి తెలియదు, రెండు నెలల ముందు కొంచెం తెలుస్తుంది. వెళ్తామో లేదో అనుకున్నా బుక్ చేసేయమంటాను. 2025లో స్లీపర్ టికెట్ 48 గంటల ముందు రద్దు చేసుకుంటే పోయింది 120, థర్డ్ ఏసీ అయితే 180, ఏసీకి పైన జీఎస్టీ. ఖాయమైన తత్కాల్ టికెట్ రద్దు చేస్తే పైసా రాదు. ఇక చార్మినార్ విషయానికొస్తే, ఆ బండి ఇప్పుడు సెంట్రల్‌కి రాదు, ఎగ్మోర్ మీదుగా తాంబరం పోతుంది. పాత అలవాటుతో సెంట్రల్‌లో దింపుతుందనుకుని అక్కడ హోటల్ బుక్ చేసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎక్కడ దిగాలో ముందే చూసుకుంటే ఒక టాక్సీ ఖర్చు మిగిలినట్టే.

టికెట్ల మాట వస్తే పెదనాన్నకి ఒక బాధ ఉంది. 2020 మార్చి దాకా అరవై దాటిన మగవాళ్లకి 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకి 50 శాతం రాయితీ ఉండేది. కరోనాలో తీసేశారు, తిరిగి ఇవ్వలేదు. ఆ సంగతి ఆయన రైలెక్కిన ప్రతిసారీ ఎదురు సీటువాళ్లకి చెబుతారు. ఏ పాసూ, ఏ యాప్ తగ్గింపూ దానికి సాటి రాదు, అందులో ఆయనతో నాకు వాదన లేదు.

ఆయన దగ్గరే ఇంకో పాత విద్య ఉంది. సర్క్యులర్ జర్నీ టికెట్. రైలు ఛార్జీ దూరం పెరిగే కొద్దీ కిలోమీటరుకి పడే రేటు తగ్గుతూ వస్తుంది. ఒకే పొడుగు టికెట్ అదే దూరాన్ని ముక్కలుగా కొన్నదానికంటే చవక. బయల్దేరిన చోటికే తిరిగొచ్చే యాత్రకి ఈ లెక్కతో ఒకే టికెట్ ఇస్తారు, మధ్యలో ఎనిమిది చోట్ల దాకా దిగొచ్చు. దారి అంతా కాగితం మీద రాసి పెద్ద స్టేషన్‌లో అర్జీ పెట్టుకోవాలి. ఒక్కో బండిలో బెర్తు విడిగా రిజర్వ్ చేసుకోవాలి, ఆ ఛార్జీలు వేరు. తొంభైల్లో పెదనాన్న గుంటూరు నుంచి కాశీ వెళ్లి వచ్చింది ఇలాగే. హైదరాబాద్ నుంచి చెన్నై, మదురై, రామేశ్వరం, తిరుపతి చుట్టి వచ్చేవాళ్లకి ఇప్పటికీ పనికొస్తుంది. నేను చూసినవాటిలో గౌరవించే పాస్ ఇదొక్కటే, ఎందుకంటే దారి మనం రాసిస్తాం, టికెట్ దాని వెంట వస్తుంది. కాకపోతే కౌంటర్లో కూర్చున్నాయనకి ఇదేమిటో మనమే వివరించాల్సి రావచ్చు, ఓపిక కావాలి.

ఇదంతా చదివి నేను పిసినారితనానికి వ్యతిరేకం అనుకోకండి. నేను కూరగాయల బండి దగ్గర కరివేపాకు ఊరికే అడిగే మనిషినే. రోజూ ఆఫీసుకి పోయేవాళ్లు బస్సు పాసు, సీజన్ టికెట్ కొనుక్కోకపోతే అది తెలివితక్కువ. మా ఆయన ఏళ్లుగా లోకల్ సీజన్ టికెట్ మీదే తిరుగుతున్నారు. రోజూ అదే దారిన పోయేవాడికి లెక్కలో తేడా రాదు. మూడు రోజులకి వచ్చిన చుట్టం రేపు ఎటు పోతాడో వాడికే తెలియదు, మోకాళ్లని బట్టి, ఎండని బట్టి, పిల్లాడి మూడ్‌ని బట్టి మారిపోతుంది. అలాంటివాడి చేత ముందే డబ్బు కట్టించుకోవడం అమ్మేవాడికి లాభం.

మా ఆఖరి రోజు అసలు షీటులోనే లేదు. ఉదయం మహాబలిపురం అయిపోయింది, రైలుకి ఇంకా టైముంది. పెదనాన్న పొట్టి శ్రీరాములు గారి ఇల్లు చూడాలన్నారు. మైలాపూర్‌లో, రాయపేట హైరోడ్డు మీద ఉంది. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచిన చోటు. ఇప్పుడది స్మారక భవనం. ఏ టూరిస్ట్ పాస్‌లోనూ దాని పేరు నేను చూడలేదు, టికెట్ కూడా లేదు. పెదనాన్న చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. బయటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు, రాయితీ గురించి కూడా.

ఆ తరవాత హడావిడిగా టాక్సీలో ఎగ్మోర్‌కి పరిగెత్తారు. మెట్రో కార్డుల డిపాజిట్ వెనక్కి తీసుకోవాలన్న మాట టాక్సీ కదిలాక గుర్తొచ్చి, మరిది కిటికీలోంచి ఆ ఐదూ నా చేతిలో పడేశాడు. "వదినా, రెండొందల యాభై, మర్చిపోకు!"

మర్చిపోయాను. అవి మా ఫ్రిజ్ మీద ఉండేవి, ఇప్పుడు మా అమ్మాయి పుస్తకాల్లో గుర్తులుగా పెట్టుకుంటోంది. మొన్న మరిది ఫోన్ చేసి దసరాకి వస్తామన్నాడు, రిజర్వేషన్ తెరిచే తేదీ ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకున్నాడట. షీటు సిద్ధమా అని అడిగాను. "ఈసారి మీ పెద్దమ్మే చెబుతోంది వదినా ప్లాను. ఒక రోజంతా ఆ రాళ్ల దగ్గరే అట. శుక్రవారం కాకుండా చూడమంది."